బ్రేకు బాగయిందా, బేరం గిట్టిందా?

గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండల మీదుగా పోయే రోడ్డు పొడవునా ఏ ఊరి సెంటరులో చూసినా ఒక మెకానిక్ షెడ్డు ఉంటుంది. నాలుగు రేకులు, ఓ చెక్క బల్ల, గ్రీజు మరకల గుడ్డ. బండి దిగిన రైతు నోట వచ్చే మొదటి మాట "ఎంతవుద్ది?" అనే. ఏది పోయింది, ఎందుకు పోయింది అని అడిగేవారు అరుదు. ఎద్దును కొనబోతే పళ్ళు పట్టి చూసి, నాలుగడుగులు నడిపించి, కాడి కట్టి దున్నించి గాని రూపాయి బయటకు తీయని మనిషి, బ్రేకు విషయంలో మాత్రం చివరి అంకె చూసి సంతోషపడటమో తిట్టుకోవటమో చేస్తున్నాడు.

అసలు చిక్కు ఈ బేరంలోనే ఉన్నది. "గంటసేపు కూర్చుని నాలుగు నట్లు తిప్పినందుకు ఇంత కూలా?" అని గీచి గీచి తగ్గిస్తారు. మెకానిక్ కూడా బతకాలి కదా! కూలిలో కోసిన డబ్బును అతడు సామానులో కలుపుకుంటాడు. కంపెనీ షూల ధర చెప్పి పేరులేని జత వేస్తాడు. లేదా ఇంకా కొన్నాళ్ళు నడిచే షూలను అరిగిపోయాయని మార్చేస్తాడు. కూలి తగ్గించామని రైతు మురిసిపోతాడు. వర్షంలో గేదె అడ్డం వచ్చిన రోజున గాని సంగతి తెలియదు. మెకానిక్కులందరూ ఇంతేనని కాదు. పాత షూలు చేతిలో పెట్టి "బాబాయ్, ఇంకా ఆర్నెల్లు వస్తయ్, ఇప్పుడే మార్చమాక" అని పంపేవారూ లేకపోలేదు. అటువంటివాని దగ్గర కూలి కోయటం భావ్యం కాదు.

షూలు అరిగాయా లేదా అన్నది మెకానిక్ మాట మీదనే నమ్మనక్కరలేదు. చాలా మోటారు సైకిళ్ళకు వెనుక బ్రేకు ప్లేటు మీద చిన్న సూచిక ఉంటుంది. పెడలు పూర్తిగా తొక్కినప్పుడు ఆ సూచిక గుర్తును దాటితే షూలు పోయినట్లే. రాడ్డు చివరి నట్టు బిగించటానికి ఇక మరలు మిగలకపోయినా అదే లెక్క. మరలు మిగిలి ఉండగా నట్టు రెండు చుట్లు తిప్పటం సర్దుబాటు మాత్రమే, రిపేరు కాదు. దానికి రిపేరు డబ్బులు అడిగితే టీ డబ్బులిచ్చి రావచ్చు. లైనింగు నున్నబడి మెరుస్తుంటే, మందం ఉన్నంతవరకు ఎమరీ కాగితంతో రుద్ది వాడుకోవచ్చు. గ్రీజు పీల్చిన లైనింగును పెట్రోలుతో కడిగి మళ్ళీ వేయటం మాత్రం కంటితుడుపు. కొత్తవి వేయటమే కాదు, ఆ గ్రీజు ఎక్కడినుంచి దిగిందో కూడా చూడాలి.

డ్రమ్ము లోపలి అంచున వేలికి గట్టు తగిలితే డ్రమ్మే అరిగిందన్న మాట. ఎంతవరకు అరగవచ్చునో ఆ కొలత చాలా డ్రమ్ముల మీద పోతలోనే ఉంటుంది. అది దాటిన డ్రమ్ములో ఎంత ఖరీదైన షూలు వేసినా దండగే. ఇక డ్రమ్ములోని పొడిని నోటితోనో గాలి పైపుతోనో ఊదటం మన షెడ్లలో మామూలు. కొన్ని రకాల లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. అది ఊపిరితిత్తులకు చేటు. షెడ్డులో పనిచేసే పసివాళ్ళ చేత ఆ పని చేయించటం మరీ ఘోరం. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

పని అయ్యాక డబ్బు లెక్కపెట్టే ముందు బండిని పెద్ద స్టాండు వేసి చక్రం తిప్పి చూడాలి. అది ఎక్కడా పట్టకుండా తిరగాలి, పెడలు తొక్కగానే ఆగాలి. రెండు మూడు కిలోమీటర్లు నడిపాక డ్రమ్ము చేయి పెట్టలేనంత కాలుతుంటే షూలు ఎక్కడో రాసుకుంటున్నట్లు. వెనుక బ్రేకు ప్లేటును తిరగకుండా పట్టివుంచే పట్టీ ఒకటుంటుంది. దాని నట్టు, స్ప్లిట్ పిన్ను మళ్ళీ పెట్టారో లేదో కంటితో చూసుకోవాలి. పావలా ఖరీదు చేయని పిన్ను అని దానిని మూలన పడేసేవారున్నారు. ఆ నట్టు ఊడితే ప్లేటు చక్రంతోపాటు తిరిగి చక్రం పట్టేస్తుంది.

అయితే కొత్త షూలు వేసిన సాయంత్రమే వచ్చి "బ్రేకు పట్టటం లేదు" అని పోట్లాటకు దిగటం కూడా న్యాయం కాదు. లైనింగు డ్రమ్ముకు పూర్తిగా అమరటానికి కొంత దూరం నడవాలి. ఆ సంగతి ముందే చెప్పటం మెకానిక్ ధర్మం. అన్నాళ్ళూ నిదానంగా నడపటం బండివాని ధర్మం.

2019 ఏప్రిల్ నుంచి అమ్ముడయిన చిన్న బండ్లలో చాలావాటికి ఒక్క బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పట్టే ఏర్పాటు ఉన్నది. వెనుక షూలు మార్చి, ముందు చక్రానికి పోయే కేబులు సర్దకపోతే పని సగమే అయినట్లు. డిస్కు బ్రేకున్న బండికి లీవరు మెత్తగా లోపలికి పోతుంటే లైనులో గాలి చేరిందని అనుమానించాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కనుక ఎప్పుడో మూత తీసి అరలో పెట్టిన డబ్బాలోది పోయనివ్వరాదు. దాని బదులు ఇంజను ఆయిలు పోస్తే లోపలి రబ్బర్లన్నీ ఉబ్బి పాడవుతాయి.

శివరాత్రికి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కేవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. ఊళ్ళో చదును రోడ్డు మీద బాగా పట్టిన బ్రేకు, దిగుడులో అదేపనిగా తొక్కితే కాగిపోయి పట్టు సడలుతుంది. నీరు చేరిన ఆయిలు మరిగితే పెడలు ఖాళీగా కిందకు పోతుంది. దిగేటప్పుడు చిన్న గేరులో ఉండాలి. షెడ్డుకు వెళ్ళినపుడు, ఘాటుకు పోతున్నామని మెకానిక్‌కు ముందే చెప్పాలి.

ట్రాక్టరు సంగతి వేరు. దానికి కుడి ఎడమ చక్రాలకు వేర్వేరుగా రెండు పెడళ్ళుంటాయి. దుక్కిలో గట్టు దగ్గర మలుపు తిప్పటానికి ఒక పక్కది తొక్కటం సౌకర్యం. రోడ్డెక్కినప్పుడు రెండింటినీ కలిపే గొళ్ళెం వేయాలి. వేయకుండా వేగం మీద ఒక్కటే తొక్కితే బండి ఆ వైపు గిరుక్కున తిరిగి బోల్తా కొడుతుంది. మలుపులు ఎక్కువగా తిరిగిన వైపు బ్రేకు ముందుగా అరుగుతుంది. తక్కువ డబ్బుకు ఒప్పుకున్న మెకానిక్ ఆ ఒక్క పక్కనే బిగించి పంపితే, గొళ్ళెం వేసి ఉన్నా ప్రమాదమే. రిపేరు చేయించాక ఖాళీ బీడులో గొళ్ళెం వేసి, నిదానంగా పోతూ ఒక్కసారి తొక్కి చూడాలి. మట్టిలో వెనుక చక్రాలు రెండూ గీసిన గీతలు సమానంగా ఉండాలి. ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయితే డబ్బు ఇవ్వకుండా బండిని మళ్ళీ షెడ్డుకే తోలాలి. ఆయిలులో మునిగి ఉండే బ్రేకులున్న ట్రాక్టరుకు పని పెద్దది, వెనుక భాగం విప్పాలి. అక్కడ సామాను ధర కంటే కూలి ఎక్కువయినా అన్యాయమనుకోరాదు. ట్రాలీలలో చాలావాటికి అసలు బ్రేకులే ఉండవు. టిక్కీల బరువంతా ట్రాక్టరు వెనుక చక్రాలే ఆపాలి.

ఇక డబ్బు లెక్క. పెట్టె మీద అచ్చయిన గరిష్ఠ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానిపై "పన్ను అదనం" అనటం కుదరదు. 2025 సెప్టెంబరు 22 నుంచి మోటారు సైకిలు విడిభాగాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పెట్టెను తన ఎదుటే తెరిపించి, సామాను ఒక వరుసలో, కూలి ఒక వరుసలో తెల్లకాగితం మీదనయినా రాయించుకుని, పాత షూలు అడిగి తీసుకోవాలి. మోసం జరిగితే 1915 నంబరుకు చెప్పుకోవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ రుసుము లేదు. కాగితం లేకుండా పోతే చెప్పుకోవటానికి ఏమీ ఉండదు.

మిరప సీజనులో గుంటూరు యార్డు గేటు ముందు టిక్కీల బండ్లు గంటల తరబడి బారులు తీరి ఆగుతాయి. ఆ వేళలో ఒక మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, ఐటీఐలో మోటారు మెకానిక్ నేర్చుకునే నలుగురు కుర్రాళ్ళను వెంటబెట్టుకుని వరుస వెంట నడిస్తే బాగుంటుంది. కనీసం ట్రాక్టర్లకు పెడళ్ళ గొళ్ళెం ఉన్నదీ లేనిదీ చూసి, లేనివాటికి అక్కడికక్కడే వేయించవచ్చు. గొళ్ళెం వేయటం ఎంతసేపటి పని గనుక!