ఆజ్ఞలేని పరుగు
సింగపూరులో స్థిరవాసులైన తెలుగు కుటుంబముల కుమారులు సైతము 18 ఏండ్లు దాటగానే రెండేండ్ల జాతీయసేవకు (సైన్యాదులలో నిర్బంధసేవకు) పోవలసినవారే గనుక, ఇంట పప్పునేతులతో ఏపుగా పెరిగిన పిల్లవాడు అక్కడ 2.4 కిలోమీటర్ల పరుగుపరీక్షకు నిలువక తప్పదు. స్థూలకాయులకు ప్రాథమిక శిక్షణాకాలమే మరింత దీర్ఘము. ఆ మాసములలో దేహము తేలికపడుట నిజమే. కాని ఆజ్ఞకు లోబడి పరుగెత్తిన కాళ్లు ఆజ్ఞ తొలగినంతనే నిలిచిపోవుటయు తరచుగా జరుగునదే. ఆ దేశమే 1992లో బడులయందు లావుపాటి బాలబాలికలను వేరుపరచి వ్యాయామము చేయించు పద్ధతి నొకదానిని ప్రవేశపెట్టి, అది వారిని తోటిపిల్లల పరిహాసమునకు గురిచేయుచున్నదను విమర్శలకు లోనై, 2007లో విరమించుకొనెను. నా మట్టుకు నాకు, ఏడు గంటలకు గాని తెల్లవారని ఆ ఊరిలో, ఈస్ట్ కోస్ట్ పార్కు చీకటిలో ఒక దీపస్తంభము వరకు పరుగెత్తి, తరువాతి దానివరకు రొప్పుచు నడచి, మరల పరుగందుకొను యువకునియందే నమ్మకము మెండు. వానిని ఎవ్వరును తరుమలేదు. పరుగొక్కటే బరువును దించదు: అరగంట శ్రమ ఖర్చు చేసినదానిని రెండు పరోటాలు, చిక్కని తీపిపాలు పోసిన టీ తిరిగి నింపివేయును (అవి అమ్ము దుకాణము ఇంటిదారిలోనే యుండుట గ్రహచారము కాబోలు). అయినను తూకపుముల్లు కదలుటకు ముందే నిద్ర కుదురుపడును, ఆకలికొక వేళ ఏర్పడును. కనుక తల్లులు తొందరపడి నిరాశ చెందనక్కరలేదు.