కొత్త హార్డ్ డిస్క్ పని షాపుకు కాదు, పిల్లలకు ఇవ్వండి

ఇంట్లో కంప్యూటర్ నిండిపోయి, సి డ్రైవ్ గీత ఎర్రబడితే మనలో చాలామంది చేసేది ఒకటే. సీపీయూను బండి మీద పెట్టుకుని షాపులో ఇచ్చి, కొత్త డిస్క్ వేయించి సాయంత్రం తెచ్చుకుంటాం. విండోస్ ఒక్కటే ఉంటే అలాగే కానివ్వండి. కానీ విండోస్, లైనక్స్ రెండూ ఉన్న డెస్క్‌టాప్ అయితే ఆ పని తొమ్మిదో తరగతి దాటిన మీ అబ్బాయి చేతనో అమ్మాయి చేతనో చేయించండి. మీరు పక్కన కూర్చోండి.

ఇలాంటి కంప్యూటర్లు మన ఇళ్లలో వింతేమీ కాదు. ఇంజనీరింగ్ చదివే అన్నయ్యో అక్కో సెలవులకు వచ్చినప్పుడు ఉబుంటు వేసి వెళ్తారు. విండోస్ 10కి మామూలు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 పాత కంప్యూటర్లు చాలావాటిలో ఉండదు. అందుకని పక్కన లైనక్స్ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

షాపువాళ్లను తప్పుపట్టడం లేదు. వాళ్లకు పని గంటలో తేలాలి. అందుకు దగ్గరి దారి అంతా ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేయడమే. లైనక్స్‌లో మీ అమ్మాయి సైన్స్ ప్రాజెక్టు ఉందని వాళ్లకెలా తెలుస్తుంది?

మొదటి రోజు స్క్రూడ్రైవర్ బయటికి తీయొద్దు. కాగితం, పెన్ను చాలు. ఈ కంప్యూటర్‌లో తప్ప మరెక్కడా లేనివి ఏవి? పెళ్లి ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్లు, నాన్న వ్యాపారం లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు అన్నీ రాయించండి. వాటిని బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయించి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీని నేను బ్యాకప్ అనను. విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా ఆ కాగితం మీదే రాసుకోవాలి. బూట్ సెట్టింగులు కదిలితే విండోస్ ఆ కీ అడగవచ్చు, అప్పుడు వెతుక్కుంటూ కూర్చోలేం.

ప్లగ్ పూర్తిగా పీకేసి డిస్క్ బిగించాక మొదటి కంగారు మొదలవుతుంది. కొత్త డిస్క్ ‘దిస్ పీసీ’లో కనబడదు. అది పాడైపోయినట్లు కాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్తే ఎంబీఆర్ కావాలా, జీపీటీ కావాలా అని అడుగుతుంది. ఎంబీఆర్‌కు 2 టీబీ, నాలుగు ప్రైమరీ పార్టిషన్ల హద్దు ఉంది. జీపీటీ ఎంచుకోండి. తర్వాత 1 టీబీ డిస్క్ 931 జీబీగా కనిపించి, షాపువాడు మోసం చేశాడంటారు పిల్లలు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కపెడతాడు, విండోస్ 1024 చొప్పున. ఘాతాంకాలు చదివినవాళ్లే కదా, కాలిక్యులేటర్ ఇచ్చి తేల్చుకోమనండి.

అసలు నిర్ణయం పార్టిషన్ దగ్గర ఉంది. లైనక్స్ ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 పార్టిషన్‌ను విండోస్ తనంతట తాను చదవలేదు. దానికి డ్రైవ్ లెటర్ తగిలితే, వాడాలంటే ఫార్మాట్ చేయాలంటుంది. అక్కడ చదవకుండా సరే అంటే లోపల ఉన్నది పోయినట్లే. ఎన్టీఎఫ్ఎస్‌ను మాత్రం రెండూ చదువుతాయి. అందుకే రెండు సిస్టమ్‌లనూ పాత డిస్క్‌లోనే కదపకుండా ఉంచి, కొత్తదాన్ని ఉమ్మడి ఫైళ్లకు ఒకే ఎన్టీఎఫ్ఎస్ పార్టిషన్‌గా చేసుకోవడం మేలని నా అభిప్రాయం. కొత్తది ఎస్ఎస్‌డీ అయితే సిస్టమ్‌లనే దానిలోకి మార్చొచ్చు కదా అంటారు. మార్చొచ్చు, వేగం కూడా పెరుగుతుంది. కానీ అది ఇంకో ఆదివారం పని.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయించండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, లైనక్స్ ఆ డిస్క్‌లో రాయడానికి ఒప్పుకోకపోవచ్చు. లైనక్స్ మొదలవగానే కొత్త డిస్క్ దానంతటదే తెరుచుకోవాలంటే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఒక వరుస చేర్చాలి. అందులో ఎస్‌డీబీ లాంటి పేరు కాకుండా యూయూఐడీ రాయాలి, ఎందుకంటే ఆ పేర్లు మారుతుంటాయి. పక్కనే నోఫెయిల్ అని కూడా చేర్చితే, డిస్క్ దొరకని రోజున కూడా కంప్యూటర్ ఆగిపోదు.

రెండు సిస్టమ్‌లున్న ఇంట్లో ఇంకో తమాషా చూసే ఉంటారు. లైనక్స్ వాడి విండోస్‌లోకి వస్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి వెళ్తుంది. మదర్‌బోర్డు గడియారాన్ని లైనక్స్ ప్రపంచ సమయంగా చూస్తుంది, విండోస్ మన సమయంగా చూస్తుంది. కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశం గురించి సోషల్‌లో చదివిన పిల్లలకు ఆ అయిదున్నర ఎక్కడిదో చెప్పనక్కర్లేదు.

ఫౌండేషన్ క్లాసులు, వారం వారం టెస్టులు ఉండగా ఇదంతా టైమ్ వేస్ట్ కాదా అని అడుగుతారు. పరీక్షల నెలలో వద్దు, దసరా సెలవుల్లోనో సంక్రాంతికో పెట్టుకోండి. ఫోన్లతో పెరిగిన ఈ పిల్లలకు ఫైలు ఎక్కడుంటుందో తెలియదు. గ్యాలరీలో ఉంది, వాట్సాప్‌లో ఉంది అంటారు తప్ప ఏ డిస్క్‌లో, ఏ ఫోల్డర్‌లో అన్న ప్రశ్నే వాళ్లకు రాదు. తెర మీద వచ్చిన మాట చదవకుండా ఓకే నొక్కే అలవాటు వాళ్లకే కాదు, మనకూ ఉంది. ఆ ఓకే వెనుక ఇంటి ఫొటోలు ఉన్నాయని తెలిసిన రోజున పిల్లలు ప్రతి అక్షరం చదువుతారు. ట్యూషన్‌లో ఇది నేర్పరు.

రెండో డిస్క్‌కు చోటు లేని ల్యాప్‌టాప్, లేదా వారంటీ ఉన్న కంప్యూటర్ అయితే షాపుకే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ‘లైనక్స్ ఉంది, ఫార్మాట్ చేయొద్దు, పాత డిస్క్ వెనక్కివ్వాలి’ అని బిల్లు మీద రాయించుకోండి.