పాలు కాచిందెవరు?

ఆడవాళ్లు నవలలు చదువుతారంటే కొందరు పెద్దమనుషులకు చులకన. అందులోనూ డిటెక్టివ్ నవలలంటే మరీ చులకన. చారిత్రక నవల అయితే మాత్రం కాస్త గౌరవం, రాజులూ శాసనాలూ గుర్రాలూ ఉంటాయి కాబట్టి! మరి ఈ రెండింటినీ కలిపి, రాజుల కాలంలో జరిగిన హత్య గురించి ఎవరైనా నవల రాస్తే? ఇక వాళ్లకు పూనకమే వస్తుంది. చరిత్ర మైలపడిపోయిందంటారు.

ఆ మధ్య ఒక సాహిత్య సభలో ఒక పెద్దాయన వేదిక మీదనుంచే నన్నడిగాడు. "ఏమ్మా, రాయలవారి కాలం గురించి రాయాలంటే భువనవిజయం ఉంది, ఆముక్తమాల్యద ఉంది. విషం పెట్టిందెవరు, గొంతు పిసికిందెవరు అని వెతికే పని నీకెందుకమ్మా?" సభంతా నవ్వింది. టైమైపోయిందని కార్యదర్శి గంట కొట్టాడు. అక్కడ చెప్పనివ్వని జవాబు ఇక్కడ చెబుతాను. ఇక్కడ గంట కొట్టేవాళ్లు లేరు కదా!

మాది రొద్దం. పెన్న ఒడ్డున ఊరు. ఏట్లో నీళ్లకన్నా ఇసుకే ఎక్కువ రోజులు కనబడుతుంది. ఒకవైపు పోతే పెనుకొండ. ఇంకోవైపు హిందూపురం, అది దాటితే లేపాక్షి. 2022లో మా ప్రాంతం అనంతపురం జిల్లాలోంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారింది గానీ, కథలు మాత్రం పాతచోటనే ఉన్నాయి. వాటిలో రెండు చెబుతాను. రెండింటిలోనూ మనుషుల కళ్లు పోయాయి.

మొదటిది లేపాక్షిది. వీరభద్రస్వామి గుడి కట్టించిన విరుపణ్ణ, అచ్యుతదేవరాయల దగ్గర పెద్ద అధికారి. రాజుగారి ఖజానా డబ్బు అడగకుండా గుడికి ఖర్చుపెట్టాడని ఎవరో చాడీ చెప్పారట. రాజు కళ్లు తీయించమన్నాడట. రాజభటులు వచ్చేలోపల విరుపణ్ణే తన కళ్లు పెరుక్కొని గోడకేసి కొట్టాడట. ఆ గోడ మీద రెండు ఎర్రటి మరకలను ఇప్పటికీ చూపిస్తారు. కల్యాణమంటపం సగంలోనే ఆగిపోయి ఉంది. విరుపణ్ణ ఇచ్చిన దానాలు శాసనాల్లో ఉన్నాయి. కళ్ల సంగతి జనం నోట ఉంది. ఆ గోడ ముందు నిలబడి ప్రతివాళ్లూ "అయ్యో!" అంటారు, ఫోటో తీసుకుంటారు, అరటిపండు తిని బస్సెక్కుతారు. ఆ చాడీ చెప్పిందెవరు, ఆ లెక్కలు ఎవరైనా తీసి చూశారా అని మాత్రం ఎవరూ అడగరు.

రెండోది తిమ్మరుసుది. 1962లో వచ్చిన "మహామంత్రి తిమ్మరుసు"లో గుమ్మడిగారిని చూసి ఏడవని ఆడవాళ్లు ఆ తరంలో తక్కువ. సినిమా ఆయన్ను నిర్దోషి అని తేల్చింది. 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాసిపెట్టిన కథ మాత్రం వేరు. అతని రాతను రాబర్ట్ స్యూయెల్ 1900లో తన విజయనగర చరిత్రలో ఇంగ్లీషులో అచ్చువేశాడు. రాయలు తన ఆరేళ్ల కొడుకు తిరుమలకు పట్టం కట్టాడు. ఎనిమిది నెలలు ఉత్సవాలు జరిగాయి. ఆ ఉత్సవాల్లోనే పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడు. తిమ్మరుసు కొడుకు విషం పెట్టాడని రాజుకు తెలిసిందట. తండ్రినీ కొడుకులనూ చెరలో పెట్టించి, తరువాత కళ్లు తీయించాడట.

అంతకు చాలా ఏళ్ల ముందు, రాయల అన్నగారు తమ్ముడి కళ్లు తీసి తెచ్చి చూపించమని ఇదే తిమ్మరుసుకు ఆజ్ఞ ఇచ్చాడట. తిమ్మరుసు మేక కళ్లు తెప్పించి చూపించి, తమ్ముణ్ణి కాపాడాడట. ఇదీ నూనిజ్ రాసిందే. దాన్ని రాయలు మరిచిపోలేదు. నిండు సభలో ఆ మాటే ఎత్తి, "నీ ప్రభువు ఆజ్ఞను ఆనాడే మీరావు, కాబట్టి నువ్వు మొదటినుంచీ ద్రోహివే" అన్నాడని రాశాడు నూనిజ్. తన కళ్లు కాపాడటమే నేరమైంది! ఇంతకన్నా ఒళ్లు గగుర్పొడిచే సన్నివేశం ఏ డిటెక్టివ్ నవలలో ఉందో చెప్పండి.

పెనుకొండలో తిమ్మరుసును బంధించిన చోటని ఒక చోటు చూపిస్తారు. కాదు, ఆయన చివరి రోజులు తిరుపతిలో గడిచాయని మరికొందరంటారు. ఎక్కడ పోయినా ఒక సంగతి మాత్రం స్పష్టం. శిక్ష పడింది. సాక్షులు లేరు, ప్రశ్నలు లేవు. విచారణ జరగలేదు.

అయిదు వందల ఏళ్ల కిందట జరగని ఆ విచారణను చారిత్రక అపరాధ నవల ఇప్పుడు జరిపిస్తుంది. దాని ఆకర్షణ అంతా అక్కడే ఉంది. రక్తం కోసం మనం దాన్ని చదవడం లేదు. రక్తం కావాలంటే రోజూ టీవీ వార్తల్లో కావలసినంత దొరుకుతుంది.

కావాలంటే ఇప్పుడే విచారణ మొదలుపెడదాం. అసలు అది విషమేనా? ఎనిమిది నెలల ఉత్సవాలు, ఆరేళ్ల పసివాడు. వేళకు తిండి లేదు, నిద్ర లేదు. ఊరంతా జనం. ఆ రోజుల్లో పిల్లలు జ్వరాలతో పోవడం అరుదా? విషమే అనుకుందాం. రాజుకు చెప్పిందెవరు? "తెలిసింది" అంటాడు నూనిజ్, ఎవరి నోటినుంచో రాయలేదు. పోనీ, లాభమెవరికి? నలభై ఏళ్లు మంత్రిత్వం చేసినవాడికి ఆ పసివాడి చావుతో ఏమొస్తుంది? 1529లో రాయలు పోయాక గద్దె ఎక్కింది తమ్ముడు అచ్యుతుడు. అల్లుడు రామరాయలు ఎదిగివస్తున్నాడు. ఓడిపోయిన గజపతుల కడుపుమంట ఉండనే ఉంది. వీళ్లలో ఎవరో చేశారని నేననడం లేదు. వీళ్లనెవరూ అడగలేదంటున్నాను.

ఇక అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఆ పిల్లవాడికి పాలు కాచిందెవరు?

చూశారా, ఈ ఒక్క ప్రశ్నతో చరిత్ర కొలువుకూటం వదిలి వంటింట్లోకి వస్తుంది! మన చరిత్ర పుస్తకాల్లో ఏనుగుల లెక్క ఉంది, గుర్రాల ధర ఉంది, ఏ కోట ఏ సంవత్సరంలో పడిందో ఉంది. బి.ఏ.లో అవన్నీ నేను వల్లెవేసి పాసైనదాన్నే. ఆ పుస్తకాల్లో రాణివాసపు దాదికి పేరు లేదు. వంటమనిషి లేదు. కన్నతల్లి తిరుమలదేవి ఆ రోజు ఎవరిని అనుమానించిందో నూనిజ్ రాయలేదు. గుర్రాల వర్తకుణ్ణి అంతఃపురంలోకి ఎవరు రానిస్తారు?

విషం అనే మాట వచ్చిందా, ఇక రచయితకు తప్పదు. పొయ్యి దగ్గర ఎవరున్నారు, పాలగిన్నె ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారింది, ముందు రుచి చూసిందెవరు, తాళపుచెవి ఎవరి నడుముకుంది అన్నీ చెప్పాలి. యుద్ధం నవలలో ఆడది హారతి ఇచ్చి పక్కకు తప్పుకుంటే చాలు. ఈ నవలలో తప్పుకోవడానికి వీల్లేదు, ఆమె సాక్షి. ఆడవాళ్లకు ఈ నవలలు ఎందుకింత నచ్చుతాయని ఆశ్చర్యపోయే పెద్దమనుషులకు ఇంతకన్నా జవాబేం కావాలి?

అగథా క్రిస్టీకి ఈ రహస్యం బాగా తెలుసు. 1944లో ఆమె రాసిన "డెత్ కమ్స్ యాజ్ ది ఎండ్" సుమారు నాలుగువేల ఏళ్లనాటి ఈజిప్టు కథ. అందులో పిరమిడ్ల హంగామా లేదు. ఒక మామూలు ఉమ్మడి కుటుంబం, ఇంటి పెద్దాయన తెచ్చుకున్న ఉంపుడుకత్తె, కోడళ్ల కీచులాటలు, పుట్టింటికి తిరిగొచ్చిన విధవ కూతురు. తవ్వకాల్లో దొరికిన ఒక పాతకాలపు రైతుగారి ఉత్తరాలే దానికి ఆధారం. జోసెఫిన్ టే 1951లో "ది డాటర్ ఆఫ్ టైమ్" రాసింది. కాలు విరిగి ఆసుపత్రి మంచం మీదున్న పోలీసు అధికారి, అన్న కొడుకులిద్దరినీ చంపించాడని పేరుపడ్డ మూడో రిచర్డు రాజు కేసును పుస్తకాలతోనే తిరగతోడతాడు. ఆ మాట మొదట ఎవరన్నారు, ఎవరి కొలువులో ఉండి అన్నారు అన్నదే అతని పట్టు.

మనకు నోరివారున్నారు, బాపిరాజుగారున్నారు. "హిమబిందు"లో విషకన్యే ఉంది. ఇంకోపక్క కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ ఉన్నాడు. ఈ రెండు ఏర్లూ మనదగ్గర పెద్దగా కలవలేదు. వ్యోమకేశ్ బక్షీని సృష్టించిన బెంగాలీ రచయిత శరదిందు బందోపాధ్యాయ 1965లో మన తుంగభద్ర ఒడ్డున, దేవరాయల కాలంలో నవల నడిపించాడు. బెంగాలు నుంచి ఆయన రాగలిగాడు. బస్సెక్కితే పెనుకొండ చేరే మనకు బద్ధకమా?

"కల్పన కలిపితే చరిత్ర చెడిపోదా?" అంటారు. నిజానికి హత్య కథకున్నంత కట్టుబాటు గుర్రపు స్వారీ కథకు లేదు. ప్రేమ నవలలో చిన్న తప్పు దొర్లితే పాఠకురాలు క్షమిస్తుంది. ఆచూకీ వెతికే నవలలో ప్రతి గరిటె మీదా ఆమె కన్ను ఉంటుంది. రాయల కాలపు వంటమనిషి చేత పచ్చిమిరపకాయ నూరించారో, దొరికిపోయారన్నమాటే! అమెరికా నుంచి పోర్చుగీసు ఓడల్లో దిగిన ఆ మిరపకాయ అప్పటికింకా మన ఇళ్లలో నిత్యవస్తువు కాలేదు. కారానికి మిరియాలే. ఇవాళ మా సీమకు కూడుపెట్టే శెనక్కాయా ఆ అమెరికా నుంచి తరువాత వచ్చిందే. అంటే సంగటిలోకి ఊరుబిండి కూడా ఆ నవలలో పెట్టకూడదు! ఇంత జాగ్రత్తగా రాస్తే చరిత్ర చెడుతుందా, బాగుపడుతుందా?

చెడగొట్టే నవలలు వేరే ఉన్నాయి, ఒప్పుకుంటాను. పాత గుడి, తాళపత్రం, కాపలా పాము, అమావాస్య మంత్రగాడు, చివర్లో నిధి! వీటినీ చారిత్రక మిస్టరీలనే అమ్ముతారు. నాకు వీటితోనే అసలు తగాదా. "ఎవరు చేశారు" అని అడిగే కథకు చనిపోయినవాళ్లు మనుషులు. "ఎక్కడ దాచారు" అని అడిగే కథకు వాళ్లు కుండల కావలివాళ్లు. రాయలసీమలో గుప్తనిధుల పిచ్చితో ఎన్ని పాడుపడ్డ గుళ్లల్లో గుంతలు తీశారో, ఎన్ని నంది విగ్రహాలు పగలగొట్టారో పేపరు చదివేవాళ్లకు తెలుసు. ఆ పిచ్చిని నవలలే పుట్టించాయని నేననను. మండే పొయ్యిలో నూనె మాత్రం ఎందుకు పోయాలి?

ఇదంతా నవలల గొడవేగా అనుకోకండి. ఇంట్లో గొలుసు కనబడకపోతే మొదటి చూపు ఎవరి మీద పడుతుంది? పనిమనిషి మీద. రెండో చూపు? కొత్తకోడలి మీద. సాయంత్రానికి వీధంతా తీర్పు చెప్పేస్తుంది. మూడోరోజు గొలుసు బీరువా వెనక దొరికినా, ఆ తీర్పును వెనక్కి తీసుకునేవాళ్లుండరు. ఇప్పుడు ఫోన్లొచ్చాక వీధిదాకా కూడా పోనక్కరలేదు. ఫలానా రాజు ద్రోహి, ఫలానా రాణి కులట అని ఎవడో రాసి పంపుతాడు. చదివీ చదవకుండానే పదిమందికి తోసేస్తాం. చాడీ విని కళ్లు తీయించిన రాజుకూ మనకూ తేడా ఏముంది?

"నీకెలా తెలుసు? నీకు చెప్పిందెవరు? అలా చెబితే వాళ్లకేం లాభం?" మంచి అపరాధ నవల పాఠకురాలికి నేర్పే ప్రశ్నలు ఈ మూడే. వీటిని అయిదు వందల ఏళ్లనాటి రాజును అడగటం నేర్చుకున్న అమ్మాయి, రేపు అత్తగారి సావిట్లోనూ ఆఫీసులోనూ అడగగలదు. తనమీదే నింద పడినప్పుడు కూడా అడగగలదు. ఆడవాళ్ల చేతికి ఈ నవలలు వెళితే కొందరికి ఎందుకు కంగారో ఇప్పుడు నాకు కొద్దికొద్దిగా అర్థమవుతోంది!

రాసేవాళ్లకు నా మనవి ఒక్కటే. పెనుకొండ కొండలో బంగారం ఎక్కడుందో మాకు చెప్పకండి. ఆ రాత్రి పాలు కాచినామె పేరేమిటో, ఆమెనెవరూ ఎందుకు అడగలేదో చెప్పండి. మేం చదువుతాం.