కరణం పోయాడు, యంత్రం వచ్చింది

కరణం కలంపోటు ఎట్లా ఉండేదో కృష్ణా డెల్టా పేటల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1984లో కరణీకాలు రద్దయ్యాయి. కలం మాత్రం చేతులు మారింది. అప్పు ఎవరికివ్వాలి, ఉద్యోగానికి ఎవర్ని పిలవాలి అన్నది ఇవ్వాళ యంత్రం చేత చెప్పిస్తున్నారు. దాని పేరే కృత్రిమ మేధ, ఏఐ.

యంత్రానికి కులమేంటి అంటారు. కానీ అది పాత కాగితాలు చూసే నేర్చుకుంటుంది. అమెజాన్ కంపెనీ ఉద్యోగ దరఖాస్తులు వడబోసే యంత్రం చేయించుకుంది. పదేళ్ల పాత దరఖాస్తుల్లో మగవాళ్లవే ఎక్కువ. అవి చూసి అది ఆడవాళ్లకి మార్కులు కోసింది. 2018లో సంగతి బయటపడింది. మరి మన ఊళ్ల పాత కాగితాలు ఎవరు రాసినవి?

అందుకే పంతుళ్లుగా మేం చెబుతున్నాం: ఆ యంత్రాన్ని తయారుచేసే చోట మన పిల్లలుండాలి. బీటెక్ అవగానే "ఇంక చాల్లే" అనకండి. ఏఐలో ఎంటెక్ చదివించండి. అట్లాగని విజయవాడలో హోర్డింగులు చూసి వడ్డీకి తేవొద్దు. 2020లో జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీకి ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపేసింది, మరవొద్దు. గేటు పరీక్ష రాయించండి. 2024 నుంచి అందులో డేటా సైన్సు, ఏఐకి వేరే పేపరుంది. ఎస్సీ, ఎస్టీలకూ ఆడపిల్లలకూ సగం ఫీజే. ఐఐటీ హైదరాబాదు లాంటి చోట సీటొస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండు.

బాబాసాహెబు 1913లో కొలంబియా వెళ్లింది బరోడా స్కాలర్‌షిప్పుతోనే. విజయవాడలో ఆయన విగ్రహానికి దండ వేసొస్తే సరిపోదు. ఈసారి సంఘం మీటింగులో మన పేట బీటెక్ పిల్లల పేర్లు రాయండి. గేటు దరఖాస్తు ఎవరు దగ్గరుండి నింపిస్తారో అక్కడే తేల్చండి.