గాలి లెక్కయు, రేకుల కప్పును

వేసవి ముదిరిన సాయంకాలములందు దుమ్ము లేచి, ఉరుములతో గాలివాన వచ్చుట మంగంపేట వారికి క్రొత్త గాదు. అట్టి వేళ తల్లులు ఆరవేసిన బట్టలు తీయుదురు. తండ్రులు రేకుల కప్పుమీద మఱి రెండు రాళ్లు పెట్టుదురు. ఈ రాళ్లను గూర్చియే మేమీ సంవత్సరము కొన్ని మాటలు వ్రాయదలచితిమి. రాయి కప్పును కాపాడునని మనవారి నమ్మకము. కాపాడదని లెక్క చెప్పుచున్నది.

గాలి కంటికి కానరాదు గాని దానికిని బరువు గలదు. ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగును. అది వేగముగా వచ్చి గోడకో కప్పునకో తాకినపుడు కలుగు ఒత్తిడిని కనుగొనుట మన పై తరగతుల బాలురకును బాలికలకును కష్టము గాదు. సెకనుకు ఇన్ని మీటర్లను వేగసంఖ్యను దానిచేతనే గుణించి, వచ్చినదానిని 0.6 చేత గుణింపవలయును. చదరపు మీటరునకు ఇన్ని న్యూటన్లని ఫలము వచ్చును. వేగము రెట్టింపైన ఒత్తిడి నాలుగింతలగును.

గంటకు 72 కిలోమీటర్ల గాలి, అనగా సెకనుకు 20 మీటర్లది, చదరపు మీటరునకు 240 న్యూటన్లు, సుమారు 24 కిలోల బరువంత ఒత్తిడి కలిగించును. కప్పు అంచు దాటి పోవు గాలి రేకును క్రిందికి నొక్కదు, పైకి పీల్చును. తెఱచిన తలుపున దూరిన గాలి లోపలినుండి నెట్టును. రెండును కలిసి ఈ ఒత్తిడియంత బలముతో ఎత్తినను, మూడు చదరపు మీటర్ల రేకును 70 కిలోలకు మించిన బలము పైకి లాగును. మన ముగ్గురాయి నీటికి నాలుగింతలకు పైగా బరువైనది. ఆ బరువు కొఱకే నూనెబావులు త్రవ్వువారు దానిని దూరదేశములకు కొనిపోవుచున్నారు. అయినను పదికిలోల ముగ్గురాళ్లు రెండు ఈ బలము నాపజాలవు. రేకు లేచినచో ఆ రాయి ఎవరిమీద పడును? క్రింద నిద్రించు పసివారి మీదనే గదా!

గాలి విషయమున పొరపడినవారు మనము మాత్రమే కాము. అమెరికాలో టకోమా జలసంధిపై 1940 జూలైలో తెఱచిన గొప్ప వ్రేలాడు వంతెన ఆ నవంబరు 7వ తేదీననే, గంటకు సుమారు 64 కిలోమీటర్ల గాలికి మెలికలు తిరిగి కూలినది. అంతకన్న పెద్దగాలి త్రోపునకు నిలుచునట్లు లెక్కకట్టిన వంతెనయే అది. గాలి దానిని ఊపునని, ఆ ఊపు పెరుగునని లెక్కలో చేర్చలేదు. ఇంగ్లండులోని ఫెర్రీబ్రిడ్జియందు 1965 నవంబరు 1వ తేదీన ఎనిమిది శీతలీకరణ గోపురములలో మూడు పడిపోయినవి. ఒంటరి గోపురమునకు జరిపిన పరీక్షను గుంపుగా నిలిచిన గోపురములకు నమ్ముకొనిరి.

పిమ్మట శాస్త్రజ్ఞులు చిన్న నమూనాలను వాయుసొరంగములలో నిలిపి పరీక్షించుట విస్తరింపజేసిరి. చెన్నపట్టణమున తరమణియందలి స్ట్రక్చరల్ ఇంజనీరింగు పరిశోధనా కేంద్రమున అట్టి సొరంగము గలదు. నేడు కంప్యూటరు మఱియొక దారి చూపినది. కట్టడము చుట్టునున్న గాలిని లక్షలకొలది చిన్న గదులుగా విభజించి, నావియే, స్టోక్సు అను పండితుల పేర బరగు సమీకరణములను ప్రతి గదికిని, క్షణక్షణమునకును సాధించును. కప్పు వాలు మార్చినచో ఏమగును, ప్రక్కన మఱియొక కట్టడము లేచినచో ఏమగును అను ప్రశ్నలకు ఇటుక పేర్చకమునుపే ఉత్తరము వచ్చును.

ఇక యంత్రమే సర్వమును చెప్పునని కొందఱందురు. మేమందుకు సమ్మతింపము. అడిగినదానికే యంత్రము బదులు చెప్పును. అడుగుట మనుష్యుని పని. గాలివేగమును కొలిచి యిచ్చువారు లేనిచో దానికి లెక్కయే లేదు. మన దేశపు ప్రమాణగ్రంథము ఐయస్ 875 మూడవ భాగము విశాఖపట్టణమునకు సెకనుకు 50 మీటర్లును, కర్నూలునకు 39 మీటర్లును నిర్ణయించినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయపు కప్పునే చెఱచినది. మనది సముద్రతీరము గాదు, మనకు భయము లేదని రాయలసీమవారు ఊరడిల్లరాదు. 39 మీటర్ల గాలియే చదరపు మీటరునకు సుమారు 93 కిలోల ఒత్తిడి కలిగించును!

మఱియు మాకు తోచు పెద్దలోపమొకటి గలదు. ఈ లెక్కలు వంతెనలకును ఎత్తైన మేడలకును జరుగుచున్నవి; గనికూలీ రేకుల యింటికి ఎవరు చేయుదురు? విద్య యెత్తైన కట్టడములకడనే నిలిచిపోయినచో అది సగము విద్య. ఆ లెక్క నేర్పు ఫలము సులభమే: రేకులను కొక్కెపు బోల్టులతో వాసములకు బిగింపవలయును, వాసములను గోడలో దించిన ఇనుపకడ్డీలకు కట్టవలయును, పీల్పు హెచ్చుగానుండు అంచులందును మూలలందును బోల్టులు దగ్గఱదగ్గఱగా నుండవలయును.

తల్లిదండ్రులారా, రాళ్లు దింపి బోల్టులు వేయింపుడు. ఉపాధ్యాయులారా, బడి మిద్దెపై గాలివేగము కొలుచు సాధనము నొకటి నిలిపి, దినదినము పిల్లలచేత వ్రాయింపుడు. విద్యార్థులారా, ఈ సెలవులలో మీ యింటి రేకులు కొలిచి, బోల్టులు లెక్కించి, పై సూత్రముతో సరిచూడుడు. గాలి వచ్చిన పిమ్మట చేయు లెక్క కన్నీటి లెక్కయే గదా! ముందే చేసికొందము.