అది ముద్దు గురక కాదు

మా ఇంట్లో ఒక పగ్ ఉంది. పేరు బుజ్జి, వయసు ఆరేళ్ళు. పక్క ఫ్లాట్ వాళ్ళు విదేశం వెళ్తూ మా నాన్నకి అప్పగించి వెళ్ళారు. హాస్టల్లో దాని వీడియో చూపించిన ప్రతిసారీ ఒకటే మాట: "ఎంత క్యూట్‌గా గురక పెడుతోందిరా! ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది?" నా అభిప్రాయం సూటిగా చెప్తాను. దయచేసి కొనకండి.

థర్మోడైనమిక్స్ చదివిన మనకి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. వగరుస్తున్నప్పుడు నాలుక మీద, ముక్కు లోపల ఉన్న తడి ఆవిరవడమే దానికి ముఖ్యమైన కూలింగ్. అంటే పొడుగు మూతి దాని రేడియేటర్. మనిషి తన ముచ్చట కోసం తరతరాలుగా చదును మొహం ఉన్నవాటినే జతకట్టించి ఆ రేడియేటర్‌ని కుదించేశాడు. ఎముక తగ్గింది గానీ లోపలి కండ ఆ మేరకు తగ్గలేదు. సన్నటి ముక్కురంధ్రాలు, గొంతుకి అడ్డంపడే మెత్తటి అంగిలి. మనం ముద్దనుకునే ఆ గురక, గాలి కోసం అది పడే అవస్థ.

కుక్క ఒంటి వేడి మామూలుగా 38, 39 డిగ్రీలు ఉంటుంది. 41 దాటితే ప్రాణం మీదకి వస్తుంది. మా బెజవాడ మే నెల గురించి చెప్పక్కర్లేదు. ఎండకి ఉక్కపోత తోడైతే తడి ఆవిరవడం కూడా తగ్గిపోతుంది.

అందుకే వేసవిలో మా ఇంటి టైంటేబుల్ బుజ్జి చేతిలో ఉంటుంది. వాకింగ్ తెల్లారకముందే, లేదా బాగా చీకటి పడ్డాకే. మెడకి బెల్టు కట్టం, ఛాతీకి కట్టేదే వాడతాం. మొహం మీద ముడతలు రోజూ తుడిచి పొడిగా ఉంచాలి, లేకపోతే పుండ్లు పడతాయి. కళ్ళు బయటికి ఉంటాయి కాబట్టి చిన్న గీత పడినా అదే రోజు డాక్టర్ దగ్గరికి పరుగు. బరువు పెరిగితే ఊపిరి ఇంకా కష్టం. నాయనమ్మ "పాపం, ఒక్క ముక్కేగా" అని నెయ్యి అట్టు పెట్టబోతే అమ్మ ఒప్పుకోదు.

పోయిన మేలో ఒక మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయింది. అమ్మ దాని పొట్ట, పాదాలు నీళ్ళతో తడుపుతూ, పేపర్‌తో విసురుతూ కూర్చుంది. ఊపిరి నెమ్మదించేదాకా లేవలేదు. ఇలా పక్కన కూర్చునే మనిషి ప్రతి ఇంట్లో ఉంటారా?

2003లో హచ్ ఫోన్ ప్రకటనలో ఒక కుర్రాడి వెంట పగ్ నడిచింది. దేశమంతా మోజు పడింది. వెంట రావడం చూశాం గానీ వగర్చడం చూపించలేదు కదా! నెదర్లాండ్స్‌లో మరీ పొట్టి మూతి కుక్కలతో పిల్లల్ని పుట్టించకుండా ఆంక్షలు పెట్టారు. మన దగ్గర ఆ పని కొనేవాళ్ళ చేతుల్లోనే ఉంది. అడిగేవాళ్ళు తగ్గితే పుట్టించేవాళ్ళూ తగ్గుతారు.

పగ్‌ల మీద నాకు కోపం లేదు. ఇప్పటికే ఉన్నవాటిని, ఎవరో వదిలేసినవాటిని తెచ్చుకుని బాగా చూసుకోండి. డబ్బిచ్చి కొత్తదాన్ని మాత్రం పుట్టించకండి. కుక్కే కావాలంటే మన వీధుల్లో బోలెడు పిల్లలున్నాయి. వాటి మూతి పొడుగ్గా ఉంటుంది. హాయిగా ఊపిరి పీల్చుకుంటాయి.