‘ఇఫ్’కు మూడు రకాలు లేవు: ఆంగ్ల చేదర్థక వాక్యాలు, మన పరిశోధన వచనం

ఆంగ్లంలో షరతు వాక్యాలు మూడు రకాలని, సున్నాతో కలిపి లెక్కిస్తే నాలుగని బడిపిల్లల వ్యాకరణాల నుంచి పోటీపరీక్షల గైడ్ల వరకు ఒకే పట్టిక తిరుగుతున్నది. ‘ఇఫ్’ ఉపవాక్యంలో వర్తమానం ఉంటే ప్రధాన వాక్యంలో ‘విల్’ రావాలి. భూతకాలం ఉంటే ‘వుడ్’ రావాలి. ‘హాడ్’తో కూడిన క్రియ ఉంటే ‘వుడ్ హావ్’ రావాలి. జరగడానికి వీలున్నది, వీలు తక్కువైనది, ఇక జరగనిది అని వాటికి వరుసగా అర్థాలు. ఈ పట్టిక బడిలోనే ఉండిపోతే దానితో పేచీ పెట్టుకోవలసిన అవసరం తెలుగు పరిశోధకులకు లేదు. కాని దానినే కొలబద్దగా తెచ్చుకుని తెలుగులో ‘రెండో రకం’ లేదని తేల్చడం, ఆంగ్ల విమర్శను అనువదించేటప్పుడు కనపడిన ప్రతి ‘ఇఫ్’కూ ఒక ‘-తే’ తగిలించడం మన విభాగాల్లో అలవాటుగా మారింది. ఆ పట్టిక ఆంగ్లాన్ని సరిగా వర్ణించదు. అంతకంటె పెద్ద నష్టం, తెలుగులో ఉన్నదాన్ని అది మన కంటికి ఆననీయదు.

ముందు ఆంగ్లం సంగతి చూద్దాం. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్‌లు 1985లో వెలువరించిన బృహద్వ్యాకరణం గాని, హడిల్‌స్టన్, పుల్లమ్‌ల సంపాదకత్వంలో 2002లో వచ్చిన కేంబ్రిడ్జి వ్యాకరణం గాని మూడు రకాల లెక్కను పాటించలేదు. హడిల్‌స్టన్, పుల్లమ్‌ల ప్రకారం ప్రధాన భేదం రెండింటి మధ్యనే. వక్త తలుపు తెరిచి ఉంచే షరతు ఒకటి, దూరంగా జరిపి చెప్పే షరతు మరొకటి. ‘ఇఫ్ ఐ హాడ్ టైమ్, ఐ వుడ్ కమ్’ అన్నప్పుడు ‘హాడ్’ రూపంలో భూతకాలమే అయినా చెబుతున్నది ఇప్పటి తీరిక గురించే. అంటే ఆ భూతరూపం కాలాన్ని సూచించడం లేదు, వాస్తవానికి గల దూరాన్ని సూచిస్తున్నది. తెరిచి ఉంచిన షరతుకు కాలనియమం లేదు. ‘ఇఫ్ హి లెఫ్ట్ ఎస్టర్‌డే, హి విల్ బి ఇన్ ఢిల్లీ బై నౌ’ అన్నది ఏ లోపమూ లేని ఆంగ్ల వాక్యం. ‘ఇఫ్’ పక్కన నిజమైన భూతకాలం, ప్రధాన వాక్యంలో ‘విల్’. పట్టికలో దీనికి గడి లేదు. వైద్య పరిశోధన పత్రాలలో పద్ధతుల భాగం తెరిస్తే, ఫలానా జబ్బు ఉన్నట్లయితే రోగులను అధ్యయనం నుంచి మినహాయించామనే వాక్యాలు ఉంటాయి. అక్కడ రెండు ఉపవాక్యాలూ భూతకాలంలోనే ఉంటాయి, రెండూ జరిగిన విషయాలే. వీటికీ గడి లేదు.

గడులు లేకపోవడం చిన్న లోపం. వాక్యాలను క్రియాకాలాన్ని బట్టి విభజించడంలోనే అసలు పొరపాటు ఉంది. షరతు దేనికి పెడుతున్నామనే ప్రశ్నను ఆ విభజన అడగనే అడగదు. జాన్ ఆస్టిన్ 1956లో బ్రిటిష్ అకాడమీలో చేసిన ప్రసంగంలో చర్చించిన బిస్కట్ల వాక్యం ఈ ప్రశ్నను తత్త్వవేత్తల ముందుకు తెచ్చింది. మన ఇళ్లలో దానికి సమానమైన వాక్యం ‘దాహమైతే కుండలో నీళ్లున్నాయి’. అతిథికి దాహం లేనంతమాత్రాన కుండ ఖాళీ కాదు. ఇక్కడ షరతు నీళ్లకు కాదు, ఆ మాట చెప్పవలసిన అవసరానికి. ఈవ్ స్వీట్సర్ 1990లో వచ్చిన తన గ్రంథంలో ఈ భేదాన్ని మూడు తలాలుగా స్థిరపరిచారు. షరతు ఒక సంఘటనకు ఉండవచ్చు, ఒక అనుమితికి ఉండవచ్చు, పలికే చర్యకే ఉండవచ్చు. ఇవి కూడా మూడే కదా అని ఎవరైనా అడగవచ్చు. సంఖ్యతో ఇబ్బంది లేదు. ఈ విభజన అర్థవ్యాపారాన్ని బట్టి చేసినది, పట్టికలోని విభజన క్రియ తోకను బట్టి చేసినది.

నిత్యవ్యవహారంలోని ఆంగ్లంలో ‘ఇఫ్’ చేసే పనులలో షరతు పెట్టడం ఒకటి మాత్రమే. వైద్యరంగంలోని చేదర్థక వాక్యాలపై గిబ్సన్ ఫెర్గూసన్ 2001లో ప్రచురించిన పరిశీలన పరిశోధన వ్యాసాలను, సంపాదకీయాలను, వైద్యుడికీ రోగికీ మధ్య సాగే సంభాషణలను పక్కపక్కన పెట్టి చూసింది. సంభాషణల్లో వైద్యుడి ‘ఇఫ్’ చాలా సందర్భాల్లో మర్యాదగా చెప్పిన ఆజ్ఞ. రోగిని బల్ల మీదికి వెళ్లమనడానికి ‘మీరు అటు వెళ్తే’ అన్నట్టుగా మొదలుపెడతారు. ప్రధాన వాక్యం ఒక్కొక్కసారి రానే రాదు, రానక్కరలేదు కూడా. కార్యాలయంలో గుమస్తా ‘ఇఫ్ యు కుడ్ జస్ట్ సైన్ హియర్’ అని ఆగిపోయినా మనం సంతకం పెడతాం. తెలుగు గుమస్తా ‘ఇక్కడొక సంతకం పెడితే...’ అని ఆగినా అంతే. బస్సులో ‘కాస్త జరిగితే’ అన్న మాటకు ఫలితార్థక వాక్యం కోసం ఎదురుచూసేవారు ఉండరు. ఈ సామ్యం పట్టిక ద్వారా దొరకదు.

ఇక ‘తెలుగులో రెండో రకం లేదు’ అనే తీర్పును పరిశీలిద్దాం. ‘తీరిక ఉంటే వస్తాను’, ‘తీరిక ఉంటే వచ్చేవాణ్ణి’ అనే వాక్యాలలో ‘ఉంటే’ మారలేదు. దూరం మొత్తాన్ని వాక్యాంతంలోని ‘వచ్చేవాణ్ణి’ మోసింది. ఆంగ్లం రెండు చోట్ల గుర్తు పెడుతుంది, తెలుగు సాధారణంగా ఒకచోటనే పెడుతుంది. అవసరమైతే ‘ఒకవేళ’, ‘గనక’ వంటి మాటలతో చేదర్థకం దగ్గరే దూరాన్ని పెంచుతుంది. ‘వాడు వస్తే’ వేరు, ‘వాడే గనక వస్తే’ వేరు. కాలప్రత్యయం కోసం మాత్రమే వెతికినవారికి ‘గనక’ ఎలా కనిపిస్తుంది? మరొకటి, ‘వచ్చేవాడు’ అన్న రూపం గతంలోని అలవాటునూ చెబుతుంది, జరగకపోయినదాన్నీ చెబుతుంది. ‘అడిగితే పాడేవాడు’ అంటే అడిగినప్పుడల్లా పాడేవాడని ఒక అర్థం, ఎవరైనా అడిగి ఉంటే పాడి ఉండేవాడని మరొక అర్థం. ఆంగ్లంలో ‘వుడ్’కు సరిగ్గా ఈ రెండు పనులూ ఉన్నాయి. ‘ఇఫ్ వి ఆస్క్‌డ్, హి వుడ్ సింగ్’ అన్న వాక్యం రెండు విధాలా చదువుకోవచ్చు. వేర్వేరు కుటుంబాలకు చెందిన రెండు భాషలు గతించిన అలవాటుకూ జరగని దానికీ ఒకే రూపాన్ని ఎందుకు ఎంచుకున్నాయన్నది పరిశోధనకు యోగ్యమైన ప్రశ్న. దాన్ని వదిలిపెట్టి లేని రకం కోసం వెతుకుతున్నాం.

అనుమితి విషయంలో తెలుగు ఆంగ్లంకంటె స్పష్టంగా ఉందని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. ‘దీపం వెలిగితే పురుగులు వస్తాయి’ అన్నది సంఘటనల సంబంధం. ‘దీపం వెలుగుతోందంటే వాళ్లు ఇంట్లో ఉన్నట్టే’ అన్నది అనుమితి; దీపం వెలగడం వాళ్లు ఇంట్లో ఉండడానికి కారణం కాదు, మనం అలా అనుకోవడానికి కారణం. ఆంగ్లం రెండుచోట్లా ‘ఇఫ్’ అని ఊరుకుంటుంది, తేడాను సందర్భానికి వదిలేస్తుంది. తెలుగు మొదటిదానికి ‘-తే’ వాడి, రెండోదానికి సమాపక క్రియను యథాతథంగా నిలిపి దాని మీద ‘అను’ ధాతువు చేదర్థక రూపమైన ‘అంటే’ను చేర్చగలదు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. దానిని చదివి చేదర్థకం, అప్యర్థకం అనే సంజ్ఞలను నేర్చుకున్నవాళ్లం మనం. సంస్కృతంలోని ‘చేత్’ నుంచి ఒకటి, ‘అపి’ నుంచి మరొకటి వచ్చాయని ఏ విద్యార్థిని అడిగినా చెబుతాడు. అయినా నేటి వచనంలో ‘-తే’కూ ‘-అంటే’కూ మధ్య ఉన్న ఈ వ్యవస్థాబద్ధమైన భేదం మన తులనాత్మక వ్యాసాలలో అరుదుగా తప్ప చర్చకు రాదు.

దీని ఫలితం అనువాదాల్లో కనపడుతుంది. విద్వత్ రచనల ఆంగ్లంలో అనుమితిని చెప్పే ‘ఇఫ్’ ఎక్కువ. ఒక కవి ఫలానా మాండలిక రూపాన్ని వాడాడన్నది ‘ఇఫ్’ ఉపవాక్యంగా పెట్టి, అతడు తీరప్రాంతంవాడు కాకపోవచ్చునని ఆంగ్లంలో రాశారనుకుందాం. ‘కవి ఈ రూపాన్ని వాడితే తీరప్రాంతంవాడు కాకపోవచ్చు’ అని తెనిగిస్తే, ఆ రూపం వాడడం వల్ల కవి ఊరు మారిపోయేట్టుంది. ‘వాడాడంటే’ అనాలి, లేదా ‘వాడినట్లయితే’ అనాలి. అలాగే ‘ఎ యూస్‌ఫుల్, ఇఫ్ లిమిటెడ్, స్టడీ’ అన్నచోట ‘ఇఫ్’ది షరతు కాదు, ఒప్పుకోలు. అది మన అప్యర్థకం చేసే పని: ‘పరిమితమైనదే అయినా ఉపయోగకరమైన పరిశీలన’. దాన్ని ‘పరిమితమైతే ఉపయోగకరం’ అని రాసినవారు మూల రచయిత అభిప్రాయాన్ని తలకిందులు చేసినట్టే. ఇంకొకటుంది. ‘నన్నయ కథనానికి పెద్దపీట వేస్తే తిక్కన నాటకీయతకు వేశాడు’ వంటి వాక్యాలు మన విమర్శలో కొల్లలు. నన్నయ వేయకపోతే తిక్కనా వేసేవాడు కాదా అని ఎవరూ అడగరు. అది పోలికే గాని షరతు కాదని తెలుగు పాఠకుడికి తెలుసు. ఆంగ్ల విమర్శలోనూ ‘ఇఫ్’కు ఇదే ప్రయోగం ఉంది. పట్టిక ఈ వాక్యాన్ని ఏ రకమంటుంది?

జాన్ హైమన్ 1978లో ‘లాంగ్వేజ్’ పత్రికలో చేదర్థక ఉపవాక్యాలు నిజానికి ప్రస్తావ్యాంశాలని, అంటే మాట దేని గురించో ముందుగా నిలబెట్టేవని వాదించారు. ఆయన ప్రధాన ఆధారం న్యూగినీలోని హువా భాష. ఆ వాదాన్ని అంగీకరించడానికి తెలుగువాడికి హువా దాకా వెళ్లే ప్రయాస అక్కరలేదు. ‘నేనైతే రాను’ అన్నప్పుడు ‘అయితే’ షరతు పెట్టదు, ‘నేను’ అనే అంశాన్ని విడదీసి ముందు నిలుపుతుంది. పరిశోధన వ్యాసంలో పేరా మొదట వచ్చే ‘అయితే’ కూడా చేదర్థక రూపమే. అక్కడ షరతు పూర్తిగా ఇంకిపోయి ‘కాని’ అనే అర్థం మిగిలింది.

విచిత్రమేమిటంటే మన వ్యాసాల్లో ఆ ఇంకిపోయిన ‘అయితే’లే ఎక్కువ, షరతు గల ‘అయితే’లు తక్కువ. పరిశోధకుడు తేల్చి చెప్పాలని, ‘అయితే గియితే’లు బలహీనతకు గుర్తని యువ పరిశోధకులకు తరచు సలహా దొరుకుతుంది. విద్వత్ రచనల ఆంగ్లం ఇందుకు భిన్నంగా నడుస్తుంది. అక్కడ ‘ఇఫ్’ సంకోచానికి గుర్తు కాదు, ప్రతిపాదన ఎంతమేరకు నిలుస్తుందో చెప్పే సరిహద్దు రాయి. ఆ రాయి లేకపోతే ఏమవుతుందో చూడడానికి నన్నెచోడుడి కాలచర్చ చాలు. మానవల్లి రామకృష్ణకవి 1909లో కుమారసంభవాన్ని ప్రకటించి, ఆ కవి నన్నయకు పూర్వుడని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన కవిని ఒక చోళ పాలకుడిగా గుర్తించడం మీద నిలిచింది. ఆ గుర్తింపు సరైనదయితే కావ్యం నన్నయకు ముందుది. మరోవైపు, కవి గురువుగా స్తుతించిన జంగమ మల్లికార్జునుడు మల్లికార్జున పండితారాధ్యుడే అయినట్లయితే కావ్యం 12వ శతాబ్దికి దిగుతుంది. ఇరుపక్షాల వాదమూ ఒక్కొక్క చేదర్థక వాక్యమే. సాహిత్య చరిత్రల్లోకి, అక్కడి నుంచి విద్యార్థుల నోట్సుల్లోకి వచ్చేసరికి చేదర్థకం రాలిపోయి ప్రధాన వాక్యం మాత్రం నిలిచింది. ఒకరి పుస్తకంలో నన్నెచోడుడు నన్నయకు ముందువాడు, మరొకరి పుస్తకంలో తరువాతివాడు. ఎందువల్ల అన్నది రెండింటిలోనూ దొరకదు.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. ‘అయితే’ అన్న మాటను వినేవారు ‘అయితేనే’ అని అందుకుంటారు. ఆంగ్లంలో ఇలా జరుగుతుందని గైస్, జ్వికీలు 1971లోనే చూపారు. ఫస్టు క్లాసు వస్తే సైకిలు కొంటానన్న తండ్రి మాటను, రాకపోతే కొననన్నట్టే కొడుకు వింటాడు. చోళ పాలకుడి గుర్తింపు తప్పని తేలితే కావ్యం నన్నయకు తరువాతిదని రుజువైపోయిందని రాసేవారు చేసేదీ అదే. అప్పుడు రుజువయ్యేది ఆ ఆధారం చెల్లదన్నంతవరకే. గణితజ్ఞులు సిద్ధాంతాలు చెప్పేటప్పుడు ‘ఇఫ్’ను, ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’ను విడివిడిగా రాస్తారు, నిర్వచనాల్లో మాత్రం ‘ఇఫ్’ అని ఊరుకుని రెండోదాన్నే ఉద్దేశిస్తారు. మనకు ఒక్క ‘ఏ’ చేరిస్తే సరిపోతుంది. ఇంత తేలికగా చెప్పగల భాష ఉండి కూడా ఆ తేడాను పాటించకపోవడానికి భాషను కారణంగా చూపలేం.

కేవలం ఆంగ్ల వ్యాకరణ విషయం కాబట్టి తెలుగు శాఖకు దీనితో పని లేదనే అభ్యంతరం రావచ్చు. తులనాత్మక అధ్యయనం, అనువాదం మన పాఠ్యప్రణాళికల్లో ఉన్నంతకాలం ఆ అభ్యంతరం చెల్లదు. ఆంగ్లం నుంచి తీసుకోవలసింది ఆంగ్లంపై జరిగిన పరిశోధననే గాని గైడు పుస్తకాన్ని కాదు. పరిశోధన పద్ధతుల ప్రశ్నపత్రంలో ఈ పట్టికను పూరించమనే ప్రశ్నను తీసివేసి, ఆ స్థానంలో ఒక ఆంగ్ల విమర్శ పేరా ఇచ్చి, అందులోని ‘ఇఫ్’లలో ఏది ‘-తే’ అవుతుందో, ఏది ‘-అంటే’ అవుతుందో, ఏది ‘అయినా’ అవుతుందో కారణాలతో రాయమని అడగవచ్చు. వచ్చే విద్యాసంవత్సరం నుంచే అడగవచ్చు.